నల్ల లేతు ఎవరికి

ఇరవై అయిదేళ్ల వయసు కలిగి, లేతు షెడ్డు వారింటి చిన్నకోడలిగా ఉంటూ, ఇంటిపనీ లేతుపనీ చేసుకుంటున్న నేను, ఒంట్లో నలతగా ఉన్నప్పటికీ బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం నా చేతిరాతతో రాసిపెట్టిన వీలునామా ఏమనగా:

పై వాక్యం దస్తావేజులు రాసే ఆయన చెప్పి రాయించారు. ఇక్కణ్ణుంచి నాది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులు దొరికితే దిద్దుకోండి, అర్థం మాత్రం దిద్దకండి. ఎదురుగా నిలబడి నాలుగు మాటలు చెప్పడం నాకు చేతకాదని అందరికీ తెలుసు. రాసినప్పుడు ఎవరూ మధ్యలో అడ్డు రారు.

బుద్ధి స్థిమితంగా ఉందనడానికి రుజువేమిటని ఆయన అడిగారు. నిన్న లేతు మీద, అంటే ఇనుముని తిప్పుతూ కోసే మిషన్ మీద, పదహారు బుష్‌లు తిప్పాను. బుష్ అంటే ఇరుసుకి తొడిగే చిన్న గొట్టం, వెంట్రుక మందం తేడా వచ్చినా పనికిరాదు. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఇంతకన్నా గట్టి రుజువు మా ఇంట్లో మగవాళ్లెవరి దగ్గరా లేదు.

ఎల్లుండి నాకు ఆపరేషన్. కడుపులో నిమ్మకాయంత గడ్డ ఉందని, పదిమందిలో తొమ్మిదిమంది నడిచి ఇంటికి వెళ్తారని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటకి మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నాకు ఊపిరి ఆడలేదు. ఈ ఇంట్లో ఏది పంచినా చివర మిగిలింది నా వాటాకి వస్తుంది, అడుగంటిన అన్నంతో సహా. ఆ పదో చీటీ మాత్రం నన్ను తప్పించుకుపోతుందని నమ్మకమేమిటి?

అయినా ఈ కాగితం రాయడానికి కారణం గడ్డ కాదు. ఎల్లుండే పాత ఇనుము కొనేవాడు బండి తెస్తున్నాడు. నన్ను లోపలికి తీసుకెళ్లే రోజునే నా నల్ల లేతుని బయటికి తీసుకెళ్లి తూకం వేస్తారు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొన్న భోజనాల దగ్గర మా ఆయన, బావగారు మాట్లాడుకుంటుంటే వడ్డిస్తూ విన్నాను. "తను ఇంటికొచ్చేసరికి షెడ్డు ఖాళీ అయి కొత్తది దిగుంటుంది. చూసి సంతోషిస్తుందిలే" అన్నారు బావగారు. మా ఆయన నాకేసి చూడకుండా కూర గిన్నెకేసి చూసి, ఇంకొంచెం వెయ్యమన్నారు. వేశాను.

ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత కంపెనీలో మా సరుకు కొలిచి తీసుకునే చెకింగ్ ఆయనకి అప్పగిస్తున్నాను. ఆయన మాకు చుట్టం కాదు, మేలు చేసినవారూ కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకోలేదు. కొలత సరిపోతే డబ్బాలో వేస్తారు, సరిపోకపోతే ఎర్రసుద్దతో గీత పెట్టి పక్కకి విసురుతారు. మా ఇంట్లో తగవు తీర్చడానికి కూర్చునే పెద్దమనుషుల కంటే ఆ ఎర్రసుద్ద మీదే నాకు గురి.

1. మామగారి కొలత సామాను. మైక్రోమీటరు ఒకటి, డయల్ గేజ్ ఒకటి, అంకెలు సగం చెరిగిపోయిన ఉక్కు స్కేలు ఒకటి. ఇవి మామగారు పోయే ముందు అందరి ఎదుటా నా చేతిలో పెట్టారు. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు, వాటితో ఏం చేయాలో తెలియక.

మామగారు నలభై ఏళ్లు టర్నరు. చివరి రోజుల్లో కళ్లకి పొర కమ్మి, ముక్కని బిగించి తిప్పే చక్ తిరుగుతోందో ఆగిందో కూడా చప్పుడుని బట్టే పోల్చుకునేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో షెడ్డుకి టీ తీసుకెళ్తే, "ముల్లు ఏ గీత మీదుందో కాస్త చూసి చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. మర్నాడూ అడిగారు. నెల తిరిగేసరికి టీ చల్లారిపోవడం, నేను అక్కడే ఉండిపోవడం మామూలైంది. కొడుకులకి నేర్పాలని పదేళ్లు చూశారట. పెద్దవారికి నూనె వాసన పడలేదు, చిన్నవారికి ఆగడం పడలేదు. గతిలేక కోడలికి నేర్పుతున్నారని నేను సిగ్గుపడేదాన్ని. ఒకరోజు ఆయనే, "కోడలైతేనేం, నీ చేతిలో తొందర లేదు" అన్నారు. ఈ ఇంట్లో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.

మూడు నెలలు చక్ ముట్టుకోనివ్వలేదు. ఇనుముని కోసే టూలు సాన పట్టడమే పని. బాగా వచ్చిందని చూపిస్తే బొటనవేలితో తడిమి, "ఇది కోయదు, రుద్దుతుంది" అని మళ్లీ నా చేతిలోనే పెట్టేవారు. టూలు మొన ఎత్తు సరిగ్గా ఉందో లేదో స్కేలుతో చూడమనేవారు. గుండ్రటి కడ్డీకీ టూలు మొనకీ మధ్య స్కేలుని మెల్లగా ఇరికించాలి. స్కేలు తల అటు వాలితే మొన ఎక్కువ ఎత్తున ఉంది, మన వైపు వాలితే తక్కువ ఎత్తున ఉంది, నిటారుగా నిలబడితే సరిగ్గా ఉంది. ఈ ఇంట్లో నిటారుగా నిలబడేదాన్ని చూడాలనిపిస్తే ఇప్పటికీ ఆ స్కేలునే చూస్తాను.

హ్యాండిల్ తిప్పగానే టూలు కదలదని కూడా ఆయనే చెప్పారు. లోపల స్క్రూ లూజు ఎంత ఉందో అంత తిరిగాకే కదులుతుంది. "మీ అత్తలాగే. చెప్పగానే కదలదు. ఎంత తిప్పితే కదులుతుందో తెలిసుంటే చాలు" అన్నారు. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఆ పూట మా ఇద్దరికీ టీ రాలేదు.

ఈ సామాను నల్ల లేతు ఎవరికి చెందితే వాళ్లకే చెందాలి. ఆ మనిషెవరో అయిదో అంశంలో ఉంది. ముందే వెతుక్కుంటూ కాగితాలు తిప్పకండి, బావగారూ.

2. ఆకుపచ్చ లేతు. అది నాది కాదు. మామగారి లేతుని మార్పిడికిచ్చి, పైన కొంత పోసి, అన్నదమ్ములిద్దరూ తెచ్చుకున్నారు. దాన్ని ఎవరికీ రాసిచ్చే హక్కు నాకు లేదు, ఉన్నా పగవాళ్లకి కూడా రాసివ్వను. కానీ దాని గుట్టు నా దగ్గరుంది. అది చెప్పాలంటే కొన్న రోజు సంగతి చెప్పాలి.

అమ్మిన మనిషిని సానాయన రంగుల బ్రోకరంటాడు. సానాయన అంటే మా వీధి చివర కత్తులూ కత్తెరలూ సాన పట్టే ఆయన. ఏ కాలం మిషన్ దొరికినా దానికి అదే ఆకుపచ్చ రంగు కొట్టించి అమ్మడం బ్రోకరు పద్ధతి. చూడ్డానికి వెళ్లినప్పుడు మామగారిని ఇంట్లో దింపేసి వెళ్లారు, కళ్లు కనపడని మనిషి వచ్చి ఏం చూస్తాడని. నన్ను తీసుకెళ్లింది అన్నం క్యారేజీ మోయడానికి. కళ్లున్న ఇద్దరూ ఏం చూశారో నేను చూశాను. బావగారు చేతులు వెనక్కి కట్టుకుని లేతు చుట్టూ మూడుసార్లు తిరిగి రంగు బాగుందన్నారు. మా ఆయన గేర్ల పెట్టె మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, చప్పుడే లేదన్నారు. బ్రోకరు చక్ పక్కనే బెత్తెడు ముక్క బిగించి, అద్దంలా తిప్పి, వేడివేడిగా బావగారి చేతిలో పెట్టాడు. చెయ్యి కాలింది, మనసు నిండింది. బెత్తెడు ముక్క మీద ఏ లేతైనా మంచిదే. చుట్టపుచూపుగా ఉన్న రెండ్రోజులూ ఎవరైనా మంచివాళ్లే.

వాళ్లు బేరంలో ఉండగా నేను బెడ్ మీద గోరు అడ్డంగా లాగాను. బెడ్ అంటే టూలుని మోసే బండి ముందుకీ వెనక్కీ నడిచే పట్టాలు. పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి అవి అరిగేదీ అక్కడే. బండి నడిచిన చోటు నుంచి నడవని అంచు మీదకి వస్తూ నా గోరు ఆగింది. మెట్టు. మా ఆయన చొక్కా అంచు లాగి మెల్లగా చెప్పాను. బావగారికి వినపడింది. "గోరు గుచ్చి చూడ్డానికి అదేమన్నా సొరకాయనుకున్నావా అమ్మా" అన్నారు. బ్రోకరు నవ్వాడు, బ్రోకరు మనుషులు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని ఆయన మంచితనం కింద రాసుకుని ఇన్నాళ్లూ కాపురం చేశాను.

లేతు ఇంటికొచ్చాక రెండడుగుల కడ్డీ తిప్పితే చక్ వైపు లావుగా, అటు చివర సన్నంగా వచ్చింది. మా ఆయన ఇనుముని తిట్టారు, కరెంటుని తిట్టారు, నేల కొలత తప్పిందని తాపీమేస్త్రీని పిలిపించి తిట్టారు. ఒక్క లేతుని మాత్రం ఏమీ అనలేదు. నేను డయల్ గేజ్ పెట్టి, బండి ఎక్కడ ఎంత కుంగుతోందో చూసుకున్నాను. టూలు చక్ వైపు నడుస్తుండగా జానెడు దూరంలో హ్యాండిల్ మీది కొలతలో అర గీత, బెత్తెడు దూరంలో ఇంకో అర గీత చేత్తో లోపలికి ఇస్తూ తిప్పాను. కడ్డీలు సమంగా వచ్చాయి. చెకింగ్ ఆయన డబ్బాలో వేసుకున్నారు.

నేను చేసిన తప్పు అక్కడే ఉంది. చెప్పలేదు. ఆయన చిన్నబుచ్చుకుంటారని ఒక నెల, అడిగినప్పుడు చెప్దామని ఒక నెల, ఇప్పుడు చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని మిగతా మూడేళ్లూ. ఈలోగా మా ఆయన వచ్చినవాళ్లందరికీ ఆ లేతు వీపు తట్టి, "రెండడుగుల మీద వెంట్రుకంత తేడా రాదు" అని చెప్పుకున్నారు. అలా చెప్పే నాలుగొందల రోలర్ల ఆర్డరు ఒప్పుకున్నారు. ఆర్డరుకి ఒక్క లేతు చాలదని అదే బ్రోకరు దగ్గర అలాంటిదే ఇంకోటి చూశారు. దానికి చోటు కావాలి కాబట్టి నల్లది తూకానికి వెళ్లాలన్నారు. నేను దాచిన అర గీతలు తిరిగి తిరిగి నా లేతు మెడకే చుట్టుకున్నాయి.

కనుక నా భర్తకి నేను దఖలు పరిచేది ఆ అర గీతలు. టూళ్ల బీరువా తలుపు లోపలి వైపు కాగితం అంటించాను. చక్ నుంచి ఎన్ని బెత్తెలకి ఎంత లోపలికి ఇవ్వాలో పట్టీ వేసి ఉంది. ఒక షరతు. ఆర్డరు మీద చెయ్యి పెట్టేముందు, ఆ కాగితం చూడకుండా రెండడుగుల కడ్డీ ఒకటి తిప్పి, రెండు చివర్లా కొలిచి, ఆ తేడా ఎంతో చెకింగ్ ఆయనకి నోటితో చెప్పాలి. ఇనుముది తప్పనకూడదు. చెప్పిన తర్వాతే కాగితం ఆయనది.

నా గుడ్డ టోపీ కూడా ఆయనకే. పొద్దున్నే నేను షెడ్డులోకి వెళ్లేముందు నా జడ టోపీలోకి దోపి, వెనక ఒక్క వెంట్రుక కూడా బయట లేదని వేలితో తడిమి చూసేవారు. ఏదైనా మాట్లాడతారేమోనని నేను ఎదురుచూసేదాన్ని. ఆయనకీ సిగ్గే. నాకు సిగ్గుంటే ఊరంతా చెప్పుకుంటారు, ఆయనకుంటే గాంభీర్యమంటారు.

3. రంగుల బ్రోకరుకి. ఆకుపచ్చ లేతు గేర్ల పెట్టె మొదటిసారి తెరిచి కడిగినప్పుడు నూనెలో రంపపు పొట్టు దొరికింది. అరిగిన గేర్లు అరవకుండా పొట్టు కలుపుతారని మామగారు చెప్పారు. మా ఆయన కళ్లు మూసుకుని విన్న నిశ్శబ్దం అదే. వడకట్టి రేకు డబ్బాలో దాచాను. ఆయన సొత్తు ఆయనకే చేరాలి. పుత్రపౌత్ర పారంపర్యంగా, సర్వహక్కులతో అనుభవించవచ్చు.

4. అత్తగారికి. పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే ఇత్తడి ముక్క నేను మొట్టమొదట తిప్పింది. గుండ్రంగా రాలేదు, అందుకే దొర్లిపోకుండా తలుపుని ఆపుతోంది. "నీ చేతి పనంతటికీ ఇదొక్కటే పనికొచ్చింది" అని ఆవిడ వారానికోసారి అంటారు. ఎవరైనా దాన్ని పారేద్దామంటే మాత్రం ఊరుకోరు. అది ఆవిడదే.

5. నల్ల లేతు. ఇది నా స్వార్జితం. మూతబడిన ట్రైనింగ్ స్కూలు వాళ్లు సామాను అమ్ముతుంటే నా చేతి కష్టంతో కొన్నాను. బిల్లు నా పేరు మీద ఉంది. అదెలా జరిగిందంటే, గుమాస్తా పేరడిగినప్పుడు మా ఆయన, "ఈ తుప్పుకి నా పేరెందుకండీ, తన పేరే రాయండి" అన్నారు. గుమాస్తా రాశాడు. ఇంత పెద్ద ఇంట్లో నా పేరు మీద ఉన్న కాగితం అదొక్కటే. అది ఆయన వెటకారం వల్ల వచ్చింది కాబట్టి ఆయన వెటకారానికి నా నమస్కారం.

తుప్పు చూడ్డానికి వెళ్తుంటే ఎవరికీ పట్టింపు లేదు కాబట్టి ఈసారి మామగారు కూడా వచ్చారు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆయన అడిగారు, నేను చూసి చెప్పాను. కిరసనాయిలు గుడ్డతో బెడ్ తుడిస్తే తుప్పు పైపైనే వచ్చేసింది. లేతు తయారైనప్పుడు పట్టాల మీద చేత్తో చెక్కిన చిన్నచిన్న నెలవంకలు చక్ కిందా చెరిగిపోలేదు. గోరు ఎక్కడా ఆగలేదు. తర్వాత బండిని చక్ దగ్గర, కదిలీ కదలనంత బిగించమన్నారు. అలా బిగించి అటు చివరిదాకా తోసుకెళ్లాలి. చక్ దగ్గర అరిగిన బెడ్ అయితే అరగని చివర్లో బండి ఇరుక్కుపోతుంది. నాకు మొదటినుంచి చివరిదాకా ఒకే బరువు తగిలింది. చక్‌లో కడ్డీ బిగించి కింద కర్రతో పైకి ఎత్తి చూస్తే గేజ్ ముల్లు కదిలీ కదలనట్టు కదిలి వెనక్కి వచ్చింది, అంటే లోపలి ఇరుసు వదులు కాలేదు. హ్యాండిల్ మాత్రం పావు చుట్టు ఖాళీగా తిరిగింది. ఒక గేరుకి రెండు పళ్లు లేవు.

భయపడుతూ చెప్పాను. ఆయన, "ఆ స్క్రూ నట్టు మారుస్తాం, గేరు మారుస్తాం. మార్చగలిగిందాన్ని లోటనకూడదు. బెడ్ అరిగితే మార్చేదేముంది" అన్నారు. తర్వాత, ఇన్నేళ్లలో అరగకుండా దీన్నెవరు వాడారో కనుక్కోమన్నారు. గుమాస్తా చెప్పాడు. పాడైపోతుందని స్విచ్ గది తాళం ప్రిన్సిపాలు దగ్గరే ఉండేదట. పిల్లలకి లేతుపని బోర్డు మీద బొమ్మ వేసి నేర్పారట. ఆ స్కూలు పుణ్యమా అని మనుషులకి పని రాలేదు, లేతు మాత్రం కొత్తగా మిగిలింది.

పొట్టి పన్లన్నీ దానిమీదే చేశాను. బెడ్ శుభ్రంగా ఉంచి, పైన నలుపు అలాగే వదిలేశాను. రంగు లేని మిషన్ షెడ్డులో ఉంటే పార్టీలు చూసి పారిపోతారని బావగారు అంటూ ఉంటారు.

ఈ నల్ల లేతుని నా తోడికోడలికి, అనగా బావగారి భార్యకి, రాసిస్తున్నాను.

బావగారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవడానికి ఇక్కడ కొంత ఖాళీ వదిలాను.

అక్క నన్ను నాలుగేళ్లు దెప్పింది. గోళ్లలో మసి కనపడితే, "ఆ చేత్తో గిన్నె ముట్టుకున్నావంటే చూడు" అనేది. చుట్టాలొస్తే నన్ను, "మా ఇంటి మేస్త్రీ" అని చూపించేది. పోయినేడు ఒక మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఇందాకటి నుంచీ అదేంటే అలా మూలుగుతోంది" అంది. నాకేమీ తేడా వినపడలేదు. ఆపి చూస్తే టూలు బిగింపు నూలుపోగంత వదులైంది. ఇంకో రెండు నిమిషాలైతే ముక్క పాడయ్యేది. అంత మంచి చెవి పెట్టుకుని ఇన్నేళ్లూ ఇంట్లో గుసగుసలు మాత్రమే వింది. ఎంత వృథా.

మర్నాటి నుంచి రోజూ గంటసేపు వచ్చింది, నాకు బుద్ధి చెప్పడానికి వెళ్తున్నానని అత్తగారితో చెప్పి. మొదటి నెలలో మూడు టూళ్లు విరగ్గొట్టి మూడింటికీ నన్నే తిట్టింది. ఒకసారి చక్‌ని బిగించే తాళంచెవి దానికే వదిలేసి స్విచ్ వేసింది. తాళంచెవి తూటాలా లేచి గోడ రేకుని చీల్చింది. అక్క స్విచ్ ఆపి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. మర్నాడు వచ్చి, తాళంచెవికి తాడు కట్టి తన నడుముకి ముడేసుకుంది. నిన్న కంపెనీకి వెళ్లిన డబ్బాలో ముప్పై బుష్‌లున్నాయి. నావి పదహారు. మిగతా పద్నాలుగూ అక్కవి. ఏవి ఎవరివో చెకింగ్ ఆయన కనిపెట్టలేదు. కనిపెట్టాలంటే ఒక మార్గముంది: అక్కవి నావాటికంటే నునుపు.

ఇంటిల్లిపాదినీ నోటితో తోలే అక్కకి మొగుడి ముందు మాత్రం నోరు పెగలదు. తెలిస్తే షెడ్డు గడప తొక్కనివ్వరని ఏడాదిగా దాచింది. అందుకే తనకి ఇది మాటగా కాక కాగితంగా కావాలి.

షరతులు: ఈ లేతుని అమ్మడం, మార్పిడికివ్వడం, తూకం వేయడం చేయరాదు. దీనికి రంగు వేయరాదు. అక్క పనిలో ఉండగా ఆవిడ భర్త చేతులు వెనక్కి కట్టుకుని దీని చుట్టూ తిరగరాదు. దీని మీద వచ్చే సంపాదనలో గానీ, దీని బాగోగుల విషయంలో గానీ అక్కకి తప్ప ఇంకెవరికీ ఎటువంటి హక్కూ లేదు.

6. బావగారికి. మందపాటి చేతిగుడ్డలు ఒక జత. బ్రోకర్లు ఇచ్చే ముక్కలు వేడిగా ఉంటాయి.

7. నా బట్టలు, ట్రంకు పెట్టె అత్తగారి ఇష్టం. నా దుప్పటి మాత్రం కుట్టు మిషన్ పెట్టుకున్న టైలరమ్మకి, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆవిడకి ఇవ్వాలి. ఎందుకో ఈ కింద రాస్తున్నాను.

8. వీలునామా మనిషి పోయాకే పనిచేస్తుందని, ఎల్లుండి వచ్చే బండిని ఇది ఆపలేదని దస్తావేజులాయన చెప్పారు. నేను పోతే నా మాట చెల్లుతుంది, బతికితే చెల్లదు. చట్టానికి కూడా మా ఇంటి పద్ధతి తెలిసినట్టుంది. అందుకని కాగితం చేయలేని పని గొట్టాలతో చేయించాం.

ఈ పొద్దున అన్నదమ్ములిద్దరూ రెండో ఆకుపచ్చ లేతు చూడ్డానికి బ్రోకరుతో వెళ్లారు. వాళ్లు మలుపు తిరగగానే అక్క నేల బోల్టులు విప్పింది. సానాయన గడ్డపలుగుతో లేపితే, టైలరమ్మ కింద నాలుగు ఇనప గొట్టాలు పేర్చింది. ముందుకి తోయడం, వెనక మిగిలిన గొట్టం తీసుకొచ్చి ముందు పెట్టడం. నన్ను బరువు ముట్టుకోనివ్వలేదు, దారిలో రాళ్లు ఏరమన్నారు. పట్టపగలు, వీధి మధ్యలో నుంచి తీసుకెళ్లాం. ఆ తుప్పు ఎక్కడికని ఎవరో అరుగు మీద నుంచి అడిగితే అక్క, "చెల్లెలు ఆసుపత్రికి, ఇది కాపురానికి" అంది. టైలరమ్మ ముందుగది నేల సిమెంటుది, గట్టిది. కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి, రసమట్టంతో సమం చేసి, బోల్టులు బిగించి, కరెంటు కలిపాం. దుప్పటి ఆవిడకెందుకంటే, మిషన్ గుమ్మం దాటేటప్పుడు రాయి గీసుకోకుండా తన దుప్పటి పరిచింది. అది చిరిగింది.

అంతా అయ్యాక అక్క చేతులు తుడుచుకుంటూ, "ఆయనొచ్చాక నేనే చెప్తాను. నువ్వు కాగితం మీద రాసిపెట్టు, నా నోరు మధ్యలో ఆగితే అది చదువుతాను" అంది. అందుకే అయిదో అంశం ఇంత పెద్దదైంది. ఎక్కడ ఆగినా అందుకోవడానికి వీలుగా రాశాను.

నేను ఇది టైలరమ్మ బట్టలు కత్తిరించే బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్క లేతు ఆపలేదు. వాళ్లొచ్చే వేళయింది, అయినా ఆపలేదు. వీధిలో చెప్పుల చప్పుడు వినపడ్డ ప్రతిసారీ తన భుజం బిగుసుకుంటోంది గానీ హ్యాండిల్ మీద చెయ్యి తొణకడం లేదు. అడగవలసినవి ఉన్నవాళ్లు ఇక్కడికే వచ్చి అడగండి. టూలు కోతలో ఉన్నంతసేపూ గుమ్మంలో ఆగి, చక్ నిలిచాక లోపలికి రండి.

నేను తిరిగొస్తే పొద్దుటిపూట లేతు నాది, మధ్యాహ్నం నుంచి అక్కది. రాకపోతే రోజంతా అక్కదే.

ఇది నా మొదటి వీలునామా. డాక్టరమ్మ మాట నిజమైతే ఆఖరిది కాదు. చదివి వినిపించుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను. లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట. టైలరమ్మకి వచ్చే దుప్పటి లాభం కాదు, బాకీ. అక్క ఎలాగూ పెట్టలేదు, చేతులు ఖాళీగా లేవు.

మార్చి 11, బుధవారం, సాయంత్రం.

(సంతకం)
చిన్నకోడలు, టర్నరు

సాక్షులు:
1. సానాయన (వేలిముద్ర)
2. టైలరమ్మ (సంతకం)

మొదటి వాక్యం మాత్రమే చెప్పి రాయించినవారు: దస్తావేజుల రాతగాడు (సంతకం)